వెనక వరండాలో మూడో పిలుపు

దివిసీమలో మా ఊరి ట్రస్టు ఆసుపత్రి వెనక వరండాకి చెడ్డపేరుంది. ఉప్పెన వచ్చిన ఏట శవాల్ని అక్కడే వరసగా పడుకోబెట్టారట. అప్పట్నుంచీ రాత్రిళ్ళు ఆ వరండా తలుపు అవతల ఎవరో పిలుస్తారని చెప్పుకుంటారు. నేనైతే దెయ్యాల్లేవని పగలంతా వాదిస్తాను. పొద్దుగూకాక మాత్రం ఆ గోడ పక్కన సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోతాను... ఉన్నవాళ్ళు తప్పుకుంటారని.

ఇది కౌండిన్య నాకు చెప్పింది. రెండువేల మూడులో అతను అక్కడ క్యాజువాలిటీలో ట్రైనింగు డాక్టరు. బందరులో బడిపంతుళ్ళ ఇంటి కుర్రాడు.

ఆ రాత్రి వాన. కరెంటు లేదు. నర్సు జీవరత్నం గారు కాన్పు కేసుకని మేడ మీదికి వెళ్తూ అన్నారు —

"వెనక తలుపు దగ్గర ఎవరన్నా పిలిస్తే మూడోసారి దాకా పలక్కండి బాబూ. చచ్చినవాళ్ళు రెండుసార్లే పిలవగలరు."

"నేను ఎంబీబీఎస్ చదివానండీ."

"చదివితే చదివారు. తలుపు మాత్రం తియ్యకండి."

ఆవిడ చెప్పుల చప్పుడు మెట్ల మీద సన్నగిల్లి ఆగిపోయింది. కొవ్వొత్తీ, కౌండిన్యా మిగిలారు.

అప్పుడు... తలుపు అవతల —

"డాక్టరు గారండీ..."

మాట ముద్దముద్దగా, నీళ్ళలోంచి వచ్చినట్టుంది. కౌండిన్య లేచాడు. గడియ మీద చెయ్యి కూడా వేశాడు. వేసి, ఆగిపోయాడు.

"ఒకటి," అన్నాడు తనలో తను.

"డాక్ట... గా..."

"రెండు." ఈసారి కాస్త పైకే వచ్చింది.

మూడోది రాలేదు. వాన చప్పుడే. ఎంతసేపు నిలబడ్డాడో తనకే తెలీదట. పోయిందిలే అనుకున్నాడు.

గోకుతున్న చప్పుడు... కింద, గడప దగ్గర.

టార్చి వేశాడు. తలుపు కింద సందులోంచి నాలుగు వేళ్ళు లోపలికొచ్చి ఉన్నాయి. తడిగా, నల్లగా వాచి — మెల్లగా నేలని గీరుతున్నాయి.

కౌండిన్య పేషెంటు మంచం ఎక్కేశాడు. ఎంబీబీఎస్ మాత్రం నేల మీదే ఉండిపోయింది.

టార్చి వెలుగులో, ఒక వేలి మీద... పక్కపక్కనే రెండు గాట్లు కనపడ్డాయి.

దెయ్యాన్ని పాము కరవదు.

దూకి గడియ తీశాడు. చేపలు పట్టే పున్నారావు వరండాలో బోర్లా పడి ఉన్నాడు. కనురెప్పలు వాలిపోయాయి, ఊపిరి అందీ అందడం లేదు. చేలగట్ల మీది అడ్డదారి తిన్నగా ఆ వరండాకే వస్తుంది. పాము కాటు తిన్నవాడు దగ్గర దారే చూసుకుంటాడు కదా.

గొంతులో గొట్టం వేశాడు. విరుగుడు ఇంజెక్షన్లు ఇచ్చాడు. కౌండిన్యా, జీవరత్నం గారూ తెల్లారేదాకా వంతులేసుకుని ఆ గొట్టానికి తగిలించిన గాలిసంచి నొక్కారు. మనిషి దక్కాడు. డాక్టరు బాబు దేవుడన్నారు ఊళ్ళో. పున్నారావు భార్య ముత్యాలమ్మ బుట్టెడు పీతలు తెచ్చిచ్చింది. కౌండిన్య వంశంలో పీతని ముట్టినవాళ్ళు లేరు. కాదనే మొహం లేక పుచ్చుకున్నాడు.

గొట్టం తీసిన రోజు పున్నారావు బొంగురు గొంతుతో, చిన్నగా అన్నాడట —

"మీరు లోపల రెండు అనడం వినపడిందండీ. మాకూ తెలుసు గదండీ ఆ లెక్క. మూడోది పిలుద్దామనే చూశాను బాబూ... నోరు రాలేదండి. ఏమనుకోకండి."

కౌండిన్యని పాము కరవలేదు. అయినా నోరు రాలేదు.