గుంట అంచున దీపం

ఐదు రోజులుగా ఎండ మొహం చూడని ఎమ్మిగనూరుకు ఆ రోజు కూడా మబ్బుతోనే తెల్లవారింది. వాయుగుండం పట్టుకుంటే వదలడం లేదు. నేతగాళ్ళ వీధిలో రాట్నాలు మూలుగుతున్నాయి, మగ్గాల్లో నాడెలు మాత్రం పలకడం లేదు. ప్రమీలారాణి లేవగానే పొయ్యి దగ్గరికి పోలేదు. పెరట్లో రేకుల కిందికి వెళ్ళి, వెదురు బద్దల మీద చాచిన పడుగు నూలును వేళ్ళతో తాకింది. నిన్నటి తడి నిన్నటిలాగే ఉంది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. నూలుకు పట్టించిన గంజి పులుస్తోంది.

అది అమ్మకానికి నేసే చీర కాదు. వీధి చివరి గుడిలో చౌడమ్మకు కార్తీక పున్నమినాడు కట్టే చీర. ఏటా ఒక ఇల్లు నేసి సమర్పించాలి. పద్నాలుగేళ్ళకు మళ్ళీ ఆ వంతు ఆమె మామ రామలింగప్ప ఇంటికి వచ్చింది. ఆయనకు డెబ్బై దాటాయి. ఇంకోసారి వంతు వచ్చేనాటికి తానుండనని ఆయన ఎవరితోనూ అనలేదు. నెల ముందే మగ్గానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, ఎదురు చూస్తూ కూర్చున్నాడు. పున్నమికి ఇంక ఏడు రోజులున్నాయి. నేతకు ఐదు రోజులైనా కావాలి.

పడుగు తడవడానికి కారణం తానేనని ప్రమీలకు తెలుసు. గంజి పట్టించి వీధిలో చాచిన రోజు కాపలా తనది. చెల్లెలు ఫోను చేస్తే వసారాలోకి వెళ్ళింది. నాలుగంటే నాలుగు మాటలు. ఆ నాలుగు మాటల్లోనే వాన కమ్మేసింది. మామ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"ఎండుతాండాదా?" వెనకనుంచి అత్త సుంకమ్మ అడిగింది.

"లేదత్తా."

"వాసన?"

"కొంచెం వస్తాండాది."

"కొంచెమంటావేమే, గడప కాడికి తగుల్తాంటే! మీ మామకు చెప్పాకు. ముక్కుపొడి పీల్చీ పీల్చీ ఆయప్పకు మల్లెపూలూ మురిక్కాలవా ఒకటే అయినాయి, అది మేలాయ."

ప్రమీల నవ్వబోయింది. నవ్వు రాలేదు.

రాత్రి భర్త కేశవకు ఫోను చేసి బతిమాలుకున్నది ఆమే. అతను కర్నూలులో షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే దుకాణంలో పని చేస్తాడు. చలికాలంలో ఆరుబయట విందులకు వేడినిచ్చే యంత్రమొకటి పెడతామని ఎప్పుడో చెప్పాడు. ఆ మాట ఆమెకు మునిగేవాడికి దొరికిన గడ్డిపోచయింది.

పొద్దు బారెడెక్కేసరికి ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. కేశవ దించిన వస్తువును చూసి సుంకమ్మ నోరు తెరిచింది. మనిషికంటే పొడుగైన ఇనుప స్తంభం, కింద సిలిండరును దాచుకున్న పెట్టె, పైన గొడుగులాంటి వెడల్పు పళ్ళెం.

"ఏందిరా ఇది, దేవుని గొడుగా?"

"హీటరమ్మా. సుట్టూ నిలబడి కాచుకుంటారు."

"కాచుకోనీకె ఇంత ఇనుమా! రెండు పుల్లలు ముట్టిస్తే పోయేదానికి."

రామలింగప్ప మాత్రం నవ్వలేదు. దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీంతో ఎండుతాదా?" అన్నాడు. ఆ గొంతులో ఉన్న ఆశను చూసి ప్రమీల తల దించుకుంది.

"ఎండుతాది నాయినా. కరెంటుది గూడా ఉండాది, గోడకు బిగిస్తే సిలిండరు బాధ లేదు. కానీ వాన పడితే మనూర్లో కరెంటు యాడుంటాది? తడి రేకుల కింద వైర్లు లాగితే ఇంకో భయం. అందుకే గ్యాసుది తెస్తి. మంచివన్నీ పెండ్లికి పోయినాయి. ఇది పాతది."

అతను నేల చదునుగా ఉన్నచోట దాన్ని నిలబెట్టాడు. పడుగుకూ దానికీ నడుమ రెండు బారల ఎడం కొలిచాడు. సబ్బు నీళ్ళు కలిపి గొట్టం మీదా, బిగించినచోటా రాసి, బుడగలు వస్తాయేమోనని వంగి చూశాడు. అప్పుడు వెలిగించాడు. పళ్ళెం కింద జాలీ మెల్లగా ఎర్రబడింది.

"ఇనండి. మండేటప్పుడు దీన్ని కదిలించాకండి. మంట ఆరితే గ్యాసు దానంతటదే నిలిచిపోవల్ల. దీంట్లో ఆ పని చెడిపోయినాది. ఆరితే ఎంటనే సిలిండరు కాడ కట్టేయల్ల. ఈ గ్యాసు పొగ మాదిరి పైకి పోదు, నీళ్ళ లెక్క పల్లానికి దిగుతాది. ఇంట్లోకి మాత్రం తేవద్దు." అతను భార్య వైపు తిరిగాడు. "ఇనపడిందా?"

"ఇనపడింది."

గంటసేపు ఆ ఇంటికి పండుగే వచ్చింది. నూలు మీదనుంచి సన్నగా ఆవిరి లేచింది. ముసలాయన రెండు పోగులు పట్టి చూసి, చిన్నపిల్లవాడిలా "వేడి, వేడి!" అన్నాడు. అంతలో గాలి తిరిగింది. తుంపర రేకుల కిందికి దూసుకొచ్చింది. మంట పడుగు వైపు నాలుక చాచింది, ఆరింది. కేశవ సిలిండరు కట్టేసి, గాలి తగ్గాక మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ ఆరింది.

"లోపలికి తీసుకపోదాం," అన్నాడు రామలింగప్ప. "మగ్గం గదిలో తలుపులేస్తే గాలి రాదు. పొద్దు మునిగేలోపల ఎండుతాది."

"నాయినా, ఇప్పుడే చెప్తి గదా. మూసిన గదిలో ఇది మండితే మనిషికి ఊపిరాడదు."

"అరవై ఏండ్లు ఆ గది మూసే నేస్తి. గాలి తగిల్తే పోగు తెగుతాది. నువ్వు మగ్గం దిగి పదేండ్లాయ, నీకేం తెల్సు?"

"మగ్గం దిగినా గానీ బుద్ధి దిగలేదు."

"కుర్చీలు తుడిచేటోనికి పోగు బాధ ఎట్ల తెలుస్తాదిలే!"

ఆ మాట పెరట్లో పడి పగిలింది. కేశవ మొహం పాలిపోయింది. సుంకమ్మ "ఏం మాటలవి?" అని గొణిగింది గాని, ఆలస్యమైపోయింది. దుకాణం నుంచి అప్పటికి మూడోసారి ఫోను మోగుతోంది. "పెండ్లి సామాను దించల్ల. మాపటికి వస్తా. అంతవరకు దీన్ని ముట్టాకండి," అని సిలిండరు కట్టేసి, భోజనమైనా చేయకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి పడుగు చివర నల్లటి చుక్కలు కనిపించాయి. బూజు. రామలింగప్ప వాటిని బొటనవేలితో తుడిచాడు. తుడిచినచోట నూలు పీచయింది. ఆయన నేల మీద కూలబడ్డాడు. తలెత్తి, "అమ్మీ, ఒక చెయ్యి వెయ్యి," అన్నాడు.

"ఆయన వద్దన్నాడు మామా."

"ఇన్నాళ్ళలో నిన్ను ఏమన్నా అడిగినానా అమ్మీ? ఆ వాన పొద్దు గూడా ఏమీ అడగలే."

అంతే. ఆ తరువాత ప్రమీలకు తన చేతులు తనవి కావు. ఇనుప స్తంభాన్ని ఒకవైపు ఆమె, ఒకవైపు ఆయన పట్టి లోపలికి నడిపించారు. పడుగును గోడ పొడవునా చాచారు. కిటికీలు మూశారు. తలుపు దగ్గరగా వేశారు. మంట ఎర్రగా, నిటారుగా, కదలకుండా నిలబడింది. గాలి లేని గదిలో నూలు ఆరుతూ వచ్చింది. ఆమెకు కణతలు బిగిశాయి. మామ "నువ్వు పో, కండెలు చుట్టుకో" అంటే, బయటపడి వసారాలో రాట్నం ముందు కూర్చుంది. గుండె మాత్రం తలుపు వెనకే ఉండిపోయింది.

సందె వేళకు వాన సన్నబడింది. పెరట్లో తులసికోట దగ్గర సుంకమ్మ ఒత్తులు తడుపుతోంది. కార్తీకమంతా తులసి దగ్గర ఒక దీపం, మగ్గం గుంట అంచున ఒక దీపం పెట్టడం ఆమె అత్తగారి నాటినుంచి వస్తున్న ఆనవాయితీ. ప్రమీల రాట్నం ఆపి, మామను టీకి పిలుద్దామని మగ్గం గది తలుపు తోసింది.

గది చీకటిగా ఉంది. ఎర్రటి వెలుగు లేదు.

"మంటేమాయ మామా?"

"ఆరిపాయ. ఎప్పుడో." ఆయన మగ్గం గుంటలోకి కాళ్ళు దించి, తొక్కుడు పలకలు సరిచేస్తున్నాడు. మాట ముద్దగా వచ్చింది. "పోనీలే, పడుగు ఎండె. మంట లేకుంటే ఇంగేం భయం?"

పులిసిన గంజి వాసన అడుగున ఇంకో వాసన తగిలింది, వంటింట్లో సిలిండరు మార్చిననాటి వాసన. నిలుచుంటే పలుచగా, వంగితే చిక్కగా. అది గుంటలోనుంచి వస్తోంది. నీళ్ళ లెక్క పల్లానికి దిగుతాది. ఆ ఇంట్లో అంతకంటే పల్లం లేదు. ఆ పల్లంలో నడుముదాకా మామ ఉన్నాడు.

ఆమె సిలిండరు మీదికి దూకి మర కట్టేసింది. తిరిగి చూసేసరికి వసారాలో వెలుగు కదిలింది. కొంగు చాటు చేసుకుని, పెదవులు కదుపుతూ, వెలిగే దీపంతో సుంకమ్మ గుమ్మం వైపు వస్తోంది.

అరిచే వ్యవధి లేదు. ప్రమీల పరుగెత్తింది. గుమ్మానికి నాలుగడుగుల అవతలే అత్తకు ఎదురుపడి, మాట కూడా లేకుండా అరచేత్తో మంటను నలిపేసింది. వేడి నూనె చేతినిండా చిందింది. దీపం ఆరింది.

చెంప ఛెళ్ళుమంది.

"చౌడమ్మ దీపం ఆర్పుతావా! ఈ ఇల్లు ఆరిపోవల్లనా నీకు?"

"గ్యాసత్తా! మామ గుంటలో ఉండాడు! అగ్గిపెట్టె పారెయ్యి, స్విచ్చు ముట్టాకు!"

కిటికీలు బార్లా తెరుచుకున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు రామలింగప్పను చెరొక చంక కింద పట్టి లాగారు. "కాళ్ళు రావడంల్యా అమ్మీ, నా కాళ్ళు రావడంల్యా," అంటున్నాడు ముసలాయన. మగ్గం కొయ్యకు తగిలి ఆయన మోకాలు చీరుకుంది. ప్రమీల ఏడుస్తూ లాగింది, తిడుతూ లాగింది, చౌడమ్మను పేరు పెట్టి పిలిచి లాగింది. వసారా దాటి పెరటి బురదలోకి తెచ్చి పడుకోబెట్టాక, తుంపర మొహం మీద పడి ఆయన ఒకసారి గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు వినేదాకా ఆమె ఊపిరి పీల్చలేదు.

అంతలో కేశవ వచ్చి దిగిన ఆటోలోనే ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయారు. మూసిన గదిలో మండిన గాలి కొంత, ఆరాక నిండిన గ్యాసు కొంత, ఇంకో పావుగంటైతే తన చేతిలో ఉండేది కాదని డాక్టరు చెప్పాడు.

మరునాడు పదింటికి ఇంటికి తెచ్చారు. మబ్బు పలచబడి, పెరట్లో నీరెండ పడింది. కేశవ హీటరును ఆటో ఎక్కించి కట్టి, తండ్రి మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చెడిపోయినాదని తెలిసీ తెస్తి నాయినా. రెండు మాటలు చెప్పి పోతే సరిపోతాదనుకుంటి."

రామలింగప్ప కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "కుర్చీలు తుడిచే చెయ్యే సబ్బు నీళ్ళు రాసి చూసె. అరవై ఏండ్ల చెయ్యి సూడలే."

ప్రమీల మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. కుడి అరచేతికి కట్టుంది. "మామా, ఆ వాన పొద్దు నేను ఫోన్లో మాట్లాడతాంటి. పడుగు నా వల్లనే తడిసె."

"నాకు తెల్సమ్మీ."

ఆమె తలెత్తి చూసింది.

"వీధి మలుపులోనుంచే చూస్తి. తెలిసే ఊరకుంటి. తెలిసే నిన్న ఆ మాటతోనే నీ చేతులు కట్టేస్తి." ఆయన ఆమె చేతి కట్టు వైపు చూశాడు. "వాన నూలునే తడిపె. నేను మనిషిని కాల్చబోతి." కట్టున్న ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. ఆమె "వద్దు మామా, వద్దు" అంటూనే, ఆ వాననాటినుంచి బిగపట్టుకున్న ఏడుపంతా వదిలేసింది.

బూజు పట్టిన కొసను కత్తిరించారు. కేశవ సెలవు పెట్టి గుంటలోకి దిగాడు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచే నేశారు. గాలికి పోగులు తెగాయి. తెగినప్పుడల్లా మామ పక్కనుంచి అందుకుని అతికాడు. నేత ముగియడానికి ఆరు రోజులు పట్టింది. పున్నమి మధ్యాహ్నం చివరి పేక పడింది. అంచు కొంచెం వంకరగానే ఉంది.

ఆ సందె వేళ, చీరను గుడికి తీసుకుపోయే ముందు, సుంకమ్మ ప్రమిదతో గుంట దగ్గరికి వచ్చింది. ప్రమిద వెలిగించలేదు. కోడలి చెంపను ఒక్క క్షణం నిమిరి, అగ్గిపెట్టె ఆమె ఎడమచేతిలో పెట్టింది.

"ఆర్పిన చెయ్యే ముట్టియ్యల్ల."

ప్రమీల పుల్ల తీసింది. మంచం మీదనుంచి రామలింగప్ప కేకేశాడు.

"అమ్మీ, ముందు వాసన చూడు. నా ముక్కును నమ్మాకు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, గుంటలోకి వంగి, నిండుగా ఊపిరి పీల్చింది. పాత కొయ్య, తడి మట్టి, కొత్త నూలు.

"ఏమీ లేదు మామా. పోగు వాసనే."

"అట్లయితే ముట్టియ్యి," అన్నాడాయన.