జంట ఎడం

పిడుగురాళ్ల దగ్గరి సున్నపురాయి క్వారీలో పేలుడుకు అంతా సిద్ధమైంది. కాశింబి కంకణం మాత్రం ఎర్రగానే ఉంది. అది పచ్చబడితే తప్ప మందు అంటుకోదు. ఆమె తన భర్త నాగుల్‌మీరా పక్కనుంచి కదలలేదు.

గాయగణితం వచ్చాక క్వారీలన్నిటా ఇదే పద్ధతి. ప్రతి మనిషికీ ఒక దేహనకలు ఉంటుంది. ఎముకలు, ఊపిరితిత్తులు, కర్ణభేరి అన్నీ అంకెలుగా అందులో ఉంటాయి. పేలుడు, బండి గుద్దుకోవడం, విషపు పొగ, ఏదైనా సరే, ముందు ఆ నకలును అక్కడ నిలబెట్టి ఎంత దెబ్బ తగులుతుందో లెక్క కడతారు. దాన్నిబట్టి ఎవరెంత దూరంలో ఉండాలో కంకణం చెబుతుంది. జనం ఆ దూరాన్ని ఎడం అంటారు. ఎడం వచ్చాక క్వారీల్లో చావులు లేవు. పెళ్లిలో బాణసంచా కాల్చినా ఇంటిల్లిపాదీ తలా ఒకచోట నిలబడి చూస్తారు.

నాగుల్‌మీరా ఎడం మూడు వందల మీటర్లు. కాశింబిది ఏడు వందలు. పేలుడు మీట ఉన్నది మూడు వందల దగ్గర.

ఆ రోజు నాగుల్‌మీరాకు ఆఖరి పేలుడు. మర్నాటి నుంచి విశ్రాంతి. పేలుడు మందు పెట్టేవాడి ఆఖరి మీట భార్య చేత నొక్కించడం ఆ క్వారీలో పాత ఆచారం. ఎడం వచ్చాక అది పోయింది. కాశింబి కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఆమె అత్త మీట నొక్కింది. తన వంతు తను నొక్కాల్సిందేనని కాశింబి పట్టుపట్టింది.

లెక్కల అధికారి కృత్తిక గదిలోంచి వచ్చింది. ఆమెదీ ఆ ఊరే. ఇక్కడికి రాళ్లు రావని, ధూళి కాస్త వస్తుందని చెప్పింది. చిక్కంతా ఉలికిపాటుతోనే. కాశింబి నకలు శబ్దానికి ఉలిక్కిపడి వెనక్కి పడుతోంది. నోరు తెరిచి ధూళి పీలుస్తోంది.

"పోపు చిటపటలాడినా అదిరిపడుద్ది," అన్నాడు నాగుల్‌మీరా.

"నీతో ఇన్నేళ్లు కాపురం చేసినా అదరలా. దీనికి అదురుతానా?" అని కాశింబి అతని చెయ్యి పట్టుకుంది.

కృత్తిక చేతి పలకలో కాశింబి నాడి అంకె తగ్గింది. కృత్తిక దానివైపే చూస్తూ నిలబడింది. నకళ్లు తీసేటప్పుడు మనిషిని గదిలో ఒంటరిగా నిలబెడతారు. ఇద్దరినీ కలిపి ఎవరూ ఎప్పుడూ కొలవలేదు.

అక్కడున్న లారీ డ్రైవర్ ఏసోబుకు ఆమె సైగ చేసింది. అతను వాళ్ల వెనక ఇనప రేకును సుత్తితో కొట్టాడు. కాశింబి వేళ్లు బిగిశాయి. అడుగు కదల్లేదు, ఊపిరి తప్పలేదు. చెప్పకుండా మళ్లీ కొట్టించినా అంతే. కృత్తిక రెండు నకళ్లనూ చెయ్యీ చెయ్యీ కలిపి లెక్కలో నిలబెట్టింది.

"పిన్నీ, మీ ఇద్దరికీ కలిపి మూడు వందలే. చెయ్యి మాత్రం వదలొద్దు."

కాశింబి కంకణమూ పచ్చబడింది. కాశింబి మీట నొక్కింది. నేల అదిరింది. రాతిగోడ ముందుకు ఒరిగి కూలింది. ధూళి తేలి వచ్చి వాళ్ల తలల మీద వాలింది. ఇద్దరూ కదలలేదు.

"ఇంతేనా?" అంది కాశింబి. "దీనికా ఇన్నాళ్లూ నీకు జీతమిచ్చింది?"

నాగుల్‌మీరా నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. ధూళి పడిందన్నాడు.

జంట ఎడం సంగతి మధ్యాహ్నానికే ఊరంతా పాకింది. సాయంత్రం ఏసోబు, క్రషర్ దగ్గర పనిచేసే రత్నకుమారి కలిసి కృత్తిక గదికి వచ్చారు. తమకూ లెక్క కట్టమన్నారు. వాళ్ల పనివేళలు వేరు, పేలుడప్పుడు ఇద్దరూ ఒకచోట ఉండే అవసరమే రాదని కృత్తిక చెప్పింది. ఏసోబు నేల చూపులు చూశాడు.

"పేలుడు కోసం కాదు మేడమ్," అంది రత్నకుమారి. "పెళ్లికి ఒప్పుకోని మా నాన్నకు చూపించాలి."