మూతి అంటించిన కవరు

పాత రికార్డులు అమ్మే కొట్టు నాది. కొనడానికి వచ్చిన ప్రతివాడికీ లోపలి కవర్ల గురించి క్లాసు పీకుతాను, అదో జబ్బు నాకు. "గరుకు కాగితం వద్దు బాబూ, గీతలు పడతాయి. మందపాటి మెరిసే ప్లాస్టిక్ అసలే వద్దు, ఎండలకి అతుక్కుపోయి రికార్డు మీద మబ్బు పట్టిస్తుంది. ఇదిగో, ఈ పల్చటి మెత్తటి కవరు తీసుకో."

ఇన్ని కబుర్లు చెప్పేవాణ్ణి, నా భార్య చనిపోయిన వారంలో ఏం చేశానో తెలుసా? ఆమె పాడిన ఒకే ఒక్క రికార్డుని ఆ మందపాటి ప్లాస్టిక్‌లోనే పెట్టి, మూతి టేపుతో అంటించేశాను. దానికి గాలి కూడా తగలకూడదనుకున్నాను. దుఃఖంలో బుర్ర పనిచేస్తుందా? మా పాప ఉయ్యాల్లో ఉండగా పాడిన జోలపాట అది. ఇంకో కాపీ లేదు. ఇరవై రెండేళ్ళు దాన్ని ముట్టుకోలేదు.

నిన్న మధ్యాహ్నం ఆ పాపే వచ్చింది, ఎనిమిదో నెల కడుపుతో. బయట వాన. కిటికీలు మూసి ఉన్నాయి.

"నాన్నా, అమ్మ మొహం ఫోటోల్లో చూసుకుంటాను. గొంతే గుర్తులేదు. ఒక్కసారి వినిపించవా? నా బిడ్డకి ఆ పాటే పాడాలని ఉంది."

టేపు కోశాను. గుప్పుమని మందుల వాసన... కవరు చర్మం ఊడినట్టు ఊడి వచ్చింది. రికార్డు నిండా తెల్లటి మబ్బు.

తుడిచి, ప్లేయర్ మీద పెట్టి ముల్లు ఆనించాను. గరగర తప్ప ఇంకేం లేదు.

"నా చేతులారా పాడుచేశానమ్మా," అని ఏడ్చేశాను.

"ఊరుకో నాన్నా..." అంటూనే తను ఆగిపోయింది. "ఉష్... విను."

గరగర వెనకాల ఊపిరి. లాగుతోంది... వదులుతోంది...

"ఊపిరాడట్లేదండీ... తీసెయ్యండి..."

ఆమె గొంతే. కానీ ఆ మాట రికార్డు చేసింది కాదు. ఆఖరి రాత్రి, ఆసుపత్రిలో, ఆక్సిజన్ మాస్కు పీక్కోబోతూ నాతో అన్న మాట. ఆమె రెండు చేతులూ నేనే అదిమి పట్టుకుని, "కాసేపు ఓర్చుకోవే," అన్నాను. ఓర్చుకుంది. తెల్లారేసరికి పోయింది. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"అమ్మ ఏం తీసెయ్యమంటోంది నాన్నా?" కూతురు గుసగుసగా అడిగింది.

చెప్పాను. అంతా చెప్పాను. తను నా రెండు చేతులూ పట్టుకుంది. భరించలేక విడిపించుకున్నాను.

రికార్డుని మెత్తటి కవర్లోకి మార్చేశాను. పాతది పారేద్దామని ఈ పొద్దున చేతిలోకి తీసుకున్నాను. ఖాళీ కవరే. లోపలివైపు అరచేతంత మేర ఆవిరి పట్టి ఉంది. వేలు పెట్టి తుడిచాను. పోయింది. మళ్ళీ పట్టింది... పోయింది... మళ్ళీ పట్టింది.

అప్పటినుంచీ దాని మూతి బార్లా తెరిచి పట్టుకునే కూర్చున్నాను. ఈసారి మూయను, ఒట్టు.

అయినా ఆవిరి పట్టడానికీ పట్టడానికీ మధ్య ఎడం పెరుగుతోంది...