ఏం రంగు, నాయనా?

మిల్లులో రాత్రి కాపలా ముగించుకుని రామసుబ్బు ఇల్లు చేరేసరికి, కూతురు కార్తీశ్వరి ఒక చేత్తో దోసె తిప్పుతూ ఇంకో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని ఉంది. తమిళనాడులో, విరుదునగర్‌లోని ఆ తెలుగు నేతగాళ్ళ వీధిలో ఆడపిల్లలకు రెండు చేతులు ఏనాడూ చాలవు.

"నాయనా, పాండిసెల్వికి నొప్పి వచ్చేసె. కోవిల్‌పట్టి ఆస్పత్రిలో చేర్చినారంట. నేను పోవల్ల."

"పో పాపా. ఈడ నేను ఉండాను గదా."

తల్లి గురువమ్మాళ్ పోయి రెండేళ్ళయింది. చెల్లెలి కాన్పుకు తల్లి స్థానంలో నిలబడవలసింది కార్తీశ్వరే. కష్టాలు ఎప్పుడూ జంటగానే వస్తాయి కాబట్టి, ఆమె ఉద్యోగానికి అగ్నిపరీక్ష కూడా ఆ రోజే వచ్చి కూర్చుంది. దుకాణాలకు బిల్లులు వేసే ప్రోగ్రాములు రాసే చెన్నై కంపెనీ ఒకటి ఆమెను పరీక్ష మీద తీసుకుంది. కొత్త ధరల ప్రోగ్రామ్ మధ్యాహ్నం దుకాణాలన్నిటికీ వెళ్ళాలి. సవ్యంగా వెళ్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి పొమ్మంటారు. ఆమె పని చేస్తున్నదే ఇంట్లోంచి. పోవడానికి వేరే చోటు కూడా లేదు.

ఆ ధరలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే తనిఖీ ప్రోగ్రామ్ ఆమె సొంతంగా రాసుకున్నది, హాస్కెల్ అనే భాషలో. ఆ భాష పద్ధతిగల కోడలిలాంటిది. లెక్క వేరు, తెర మీద రాయడం వేరు, ఒకదానిలో ఇంకొకటి కలవనివ్వదు. తనిఖీ అయ్యాక టెర్మినల్ అనే నల్లటి తెర మీద ఫలితం పడుతుంది. అక్షరాల ముందు కంటికి కనబడని ఒక సంకేతం పంపిస్తే వాటికి రంగు వస్తుంది. ముప్పై ఒకటి అంటే ఎరుపు, ముప్పై రెండు అంటే ఆకుపచ్చ. ఒక్క అంకె తేడా.

తనిఖీ ముగియడానికి ఇంకా చాలా సేపు పడుతుంది. బయటికి సమాచారం పంపే వీలు బల్ల మీది ఆ కంప్యూటర్ యంత్రానికి కంపెనీ ఇవ్వలేదు. ఎవరో ఒకరు తెర చూసి చెప్పాలి. తండ్రికి ఇంగ్లీషు రాదు. కార్తీశ్వరి ఒక్క క్షణం ఆలోచించి, ప్రోగ్రామ్‌లో మాటలు తీసేసి, తెర నిండా వెడల్పుగా ఒక రంగు పట్టీ మాత్రం వచ్చేట్టు మార్చి, తనిఖీ మళ్ళీ మొదలుపెట్టింది.

"చూడు నాయనా. ఎర్ర పట్టీ వస్తే తప్పు ఉందని. ఆకుపచ్చ పట్టీ వస్తే అంతా సరి. నేను ఫోన్ చేస్తాను, ఏ రంగో చెప్పు. అంతే."

రామసుబ్బు తెర వైపు చూశాడు. "అక్షరం ఏమీ రాదా?"

"ఇంగ్లీషు అక్షరం నీకేమి తెలుస్తుంది? నీ కోసరమే తీసేస్తిని."

ఆయన ఏదో చెప్పబోయాడు. కూతురు అప్పటికే సంచి భుజాన వేసుకుంది. భార్య పోయిన నెలలోపే ఆయన రెండు మగ్గాలూ అమ్మేశాడు. అప్పటినుంచీ కార్తీశ్వరి తండ్రితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఇవాళ నోరారా 'నీ కోసరమే' అంది. ఆ మాట విన్నాక కాదనడానికి ఆయనకు మనసు రాలేదు.

"సరి పాపా" అన్నాడు.

బస్సు సాత్తూరు దాటుతుండగా ఒకసారి ఫోన్ చేసింది. ఇంకా రాలేదన్నాడు. కోవిల్‌పట్టి ఆస్పత్రిలో చెల్లెలు గది లోపల అరుస్తుంటే, బయట గోడకు ఆనుకుని మళ్ళీ చేసింది.

"వచ్చెనా?"

"వచ్చె."

"ఏం రంగు, నాయనా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. లోపల చెల్లెలు "అక్కా" అని అరిచింది.

"నాయనా! ఏం రంగు? వేగం చెప్పు!"

"ఆకుపచ్చే" అన్నాడు రామసుబ్బు.

కార్తీశ్వరి వెంటనే చెన్నైలో తన పైఅధికారి ప్రభాకరన్‌కు ఫోన్ చేసి, అంతా సరిగ్గా ఉంది, పంపేయండి అంది. కాసేపటికి చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. నర్సు పాపను తెచ్చి చేతుల్లో పెడుతుండగా ప్రభాకరన్ మళ్ళీ ఫోన్ చేశాడు. దుకాణాలన్నిటా బిల్లులు తప్పు పడుతున్నాయి, పండగ అమ్మకాల రోజు, జనం కౌంటర్ల దగ్గర కేకలేస్తున్నారు, మీరు చూసే పంపమన్నారా అని తమిళంలో అడిగాడు. ఆ గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. పాపను చెల్లెలి అత్తగారి చేతుల్లో పెట్టి, కార్తీశ్వరి బస్సెక్కింది.

ఇంట్లో తెర మీద పట్టీ అలాగే ఉంది. గుమ్మంలోంచి చూసినా కళ్ళకు గుచ్చుకునే ఎరుపు. దాని ఎదురుగా కుర్చీలో రామసుబ్బు, పక్కన తమలపాకు నములుతూ, కాన్పు కబురు విని వచ్చిన ఆయన అక్క గాంధిమతి.

"ఇది ఆకుపచ్చనా?" కార్తీశ్వరి సంచి కూడా దించకుండా తెర ముందుకు వచ్చి నిలబడింది. "నాయనా, ఇది ఆకుపచ్చనా?"

రామసుబ్బు తల దించుకున్నాడు.

"నిద్రపోతివా? నిజం చెప్పు. నిద్రపోయి, నోటికొచ్చింది చెప్పేస్తివా?"

"నిద్రపోలే."

"మరి ఏల చెప్తివి? నా ఉద్యోగం పోయె! ఒక్క రంగు చూసి చెప్పమంటిని, అది కూడా నీకు చేతకాలేదా? అమ్మ పోయిన నెలకే మగ్గాలు అమ్మితివి. అమ్మ చెయ్యి పెట్టినవన్నీ నీకు బరువైపోయె. ఇప్పుడు నా పని కూడా!"

"బాగా అడుగు" అంది గాంధిమతి. పుండు మీద కారం చల్లడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. "ఎట్లాంటి నేతగాడురా నువ్వు! వీధి వీధంతా నీ గళ్ళ చీరల గురించి చెప్పుకునె. పెండ్లాం పోతానే ఒళ్ళు వంచని సోంబేరి అయిపోతివి. రాత్రంతా గేటు కాడ కూర్చునే దానికి సిగ్గు లేదు."

రామసుబ్బు తెర వైపు చెయ్యి చూపించాడు.

"అది ఏం రంగో నాకు తెలియదు పాపా."

"తెలియదంటే?"

"తెలియదు. పుట్టినప్పటినుంచీ తెలియదు. ఎరుపు, ఆకుపచ్చ నాకు ఒకే మాదిరి. రెండూ పక్కపక్కన పెడితే ఏది ముదురు, ఏది లేత అని చెప్తాను. ఒకటే ఉంటే ఏమి చెప్పేది? అక్షరం ఉండి ఉంటే దాని రూపన్నా జ్ఞాపకం పెట్టుకుని ఉంటిని."

గాంధిమతి నమలడం ఆపేసింది.

"ఆ చీరలు?" అంది కార్తీశ్వరి మెల్లగా.

"పెండ్లైన వారంలోనే మీ అమ్మ కనుక్కొనె. ఎర్ర గడి పడాల్సిన చోట ఆకుపచ్చ నేసేస్తిని. ఒక్క మాట అనలే. కూర్చుని నేసిందంతా విప్పె. మరుసటి రోజునుంచి రంగు నూలు కండెలు ఆమే వరసగా పెట్టేది. గోడ పక్కది ఒకటి, దాని తర్వాతది రెండు. నేను కండె రంగు చూడలే పాపా, అది ఉండే చోటు చూసి నేస్తిని. కాయిలా పడ్డా పొద్దున లేచి కండెలు పెట్టేసే పండుకొనేది. రంగు తెలియని వాడని తెలిస్తే నూలు ఎవరిస్తారు? ఎవరికీ చెప్పొద్దనె. ఆమె పోయినాక మగ్గం కాడ కూర్చుంటిని. చుట్టూ కండెలు. ఏది ఏదో తెలియలే."

గురువమ్మాళ్ ఎంత జ్వరంలోనూ లేచి మగ్గం గదిలోకి వెళ్ళడం కార్తీశ్వరి చిన్నప్పటినుంచీ చూసింది. పని పిచ్చి అనుకుంది. తండ్రి ఆమెను ఒక్క పూట కూడా పడుకోనివ్వడని లోలోపల తిట్టుకుంది కూడా. ఇప్పుడు కుర్చీలో ముడుచుకుని కూర్చున్న ఆ మనిషిని చూస్తే ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇవాళ తాను అన్న మాటలూ, రెండేళ్ళుగా ముభావంగా గడిపిన రోజులూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఫోన్ మోగింది. ప్రభాకరన్. పైవాళ్ళు సంజాయిషీ అడుగుతున్నారు, తెర చూసింది ఎవరు, యంత్రమే తప్పు చూపించిందా, అలా అయితే నేను మీ తరఫున మాట్లాడతాను అన్నాడు. కార్తీశ్వరికి ఒక్క అబద్ధం చాలు. యంత్రం మీదకు తోసేస్తే అడిగేవాడు లేడు. ఆమె నోరు తెరిచేలోగా రామసుబ్బు లేచి చెయ్యి చాపాడు.

"ఇట్ల ఇయ్యి."

"వద్దు నాయనా."

"ఇయ్యి పాపా."

ముప్పై ఏళ్ళుగా భార్యకు తప్ప ఎవరికీ చెప్పని మాటను, అక్క ఎదుట, ఎప్పుడూ చూడని మనిషికి ఆయన తమిళంలో చెప్పాడు. సార్, నేను పిల్ల తండ్రిని. యంత్రం సరిగ్గానే చూపించింది. నా కళ్ళకు రంగు తెలియదు, సిగ్గుపడి అబద్ధం చెప్పాను, నా పిల్ల తప్పేమీ లేదు. చెబుతున్నంతసేపూ నిటారుగా నిలబడే ఉన్నాడు. చెప్పడం అయ్యాక ఫోను కూతురి చేతిలో పెట్టి, గోడ పట్టుకుని కూర్చున్నాడు.

అవతల ప్రభాకరన్, ఆయన తప్పు కాదమ్మా, రంగు తప్ప ఇంకేమీ చెప్పని తెరను తయారుచేయడమే తప్పు అన్నాడు. కార్తీశ్వరి కాదనలేదు. మాటలు తీసేసింది తనే. పైవాళ్ళతో మాట్లాడి చెబుతానన్నాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చెప్పాడు. రేపటినుంచి రానక్కర్లేదట. పాపం, ఆ మాట చెప్పడానికి ఆయన నాలుగుసార్లు తడబడ్డాడు.

"ఏమనె?" రామసుబ్బు అడిగాడు.

పరవాలేదని చెప్పేద్దామనుకుంది. ఆయన ముఖం చూశాక చెప్పలేకపోయింది.

"పోయింది నాయనా."

"నేను చెప్పినా పోయిందా?"

"ఊఁ."

గాంధిమతి కొంగుతో ముక్కు తుడుచుకుని, "నా తోడబుట్టినవాడివి. నాతో కూడా చెప్పకపోతివి గదరా" అని ఏడ్చింది. ఆమె ఏడవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. కార్తీశ్వరి వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. ఆయన కూతురి తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

"పొద్దునే కోవిల్‌పట్టికి పోదామా? బిడ్డను చూడవల్ల" అన్నాడు.

"పోదాం నాయనా."

"బజారులో బిడ్డకు ఒక గౌను కొందాం." ఆయన కూతురి వైపు తిరిగాడు. "రంగు నువ్వు చూసి చెప్పు. నాకు తెలియదు గదా."

ఆ ఇంట్లో ఇది ఏం రంగని భర్త అడిగినప్పుడల్లా గురువమ్మాళ్ ఏమని జవాబు చెప్పేదో కార్తీశ్వరికి తెలియదు. చెప్తాను నాయనా అని మాత్రం అనగలిగింది. ఆ తర్వాత ఆయన మోకాలి మీద తల పెట్టుకుని, తల్లి పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.