బిగబట్టుడు నేర్చిన బిడ్డ

ఆ పొద్దు కూడా అంజవ్వ ఆముదం వెచ్చచేసి చాయ్‌లో కలిపింది. బిడ్డ గంగమణి గోడకు ఒరిగి కూర్చుంది. తొమ్మిది దినాలుగా కడుపు కదలలేదు. ఇరవై ఆరేళ్ల మనిషి, నెలలు నిండినదానిలా ఉబ్బింది. మొహం మాత్రం పీక్కుపోయింది. పోయిన వారం ముక్కీ ముక్కీ స్పృహ తప్పితే, అల్లుడు భోజన్న బోధన్ నుంచి హైదరాబాద్ తీసుకుపోయి చూపించి, నిన్ననే నిజామాబాద్‌లోని పుట్టింటికి తెచ్చాడు.

"పేగులకు రోగం లేదన్నడు డాక్టరు," అన్నాడు భోజన్న. "ముక్కినప్పుడు కింద వదులు కావాల్సిన కండ ఇంకింత బిగుసుకుంటదట. మందుతోని పోదు. మిషన్ పెట్టి వదులుచేసుడు నేర్పుతరు. నువ్వు తోడు రావాలె అత్తా."

"మిషన్ ఏడ పెడ్తరు?"

భోజన్న తల దించుకున్నాడు. "ఎనకకెల్లి. సన్న తీగె."

"థూ! ఆడిపిల్లకు గదేం వైద్యం? వాడకట్టుల తలెత్తుకోవాల్నా అద్దా? దొడ్డికి కూసునుడు గూడ నేర్పుతరా ఎవలన్న?"

"నువ్వు నేర్పలేదా అవ్వా?" గంగమణి చాయ్ గ్లాసు తోసేసింది. "ఏడేండ్లకే బీడీల చాట ముందల కూసోబెట్టినవ్. తెల్లారకముందు పోకుంటే మళ్ల మాపు చీకటయ్యేదాంక బిగవట్టుమన్నవ్. లేస్తె వెయ్యి బీడీలు కావని గిచ్చినవ్. పగటీలి చెంబు పట్టుకుంటే ఇజ్జత్ పాయె అంటివి. బిగవట్టుడు మంచిగనే నేర్చుకున్న. ఇడుసుడే రాదు!"

అంజవ్వ ఆ గ్లాసు తీసి పక్కన పెట్టింది. తన తల్లీ అట్లాగే గిచ్చింది. అదే ఆడదాని ఓర్పు అనుకుంది. నా బిడ్డ పొద్దంతా కదలదని నలుగురిలో మురిసింది కూడా.

మూడో నాడు హైదరాబాద్‌లో గంగమణి ఆసుపత్రి మంచం మీద పక్కకు తిరిగి పడుకుంది. నర్సు సన్న తీగె పెట్టింది. ఎదురుగా టీవీలాంటి పెట్టెలో పచ్చటి గీత. బిగిస్తే లేస్తుంది, వదిలితే దిగుతుందని నర్సు చెప్పింది. గీత దిగడమే లేదు.

"జర ఇడువు బిడ్డా," అంది అంజవ్వ. గీత ఎగబాకింది.

"సిగ్గుపడకు," అంది. ఇంకా పైకి పోయింది.

తన గొంతు వినబడినప్పుడల్లా ఆ ఒళ్లు బిగుసుకుంటోందని అంజవ్వకు అర్థమైంది. మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది. "నీ ఉసురు పోసుకున్న తల్లీ. తప్పు నాదే. నన్ను తిట్టు, కొట్టు. నేను బయట కూసుంట."

గంగమణి చెయ్యి చాచి తల్లి కొంగు పట్టుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నప్పటి నుంచి అట్లా నోరు విడిచి ఏడ్చి ఎరగదు. ఆ ఏడుపులో గీత వేలెడంత జారింది; అంతలోనే మళ్లీ లేచింది.

"ఎన్ని దినాలైతదమ్మా?" అంజవ్వ అడిగింది.

"చెప్పలేం పెద్దమ్మా. కొందరికి నెలలు పడతాయి. కొందరికి కుదరనే కుదరదు," అంది నర్సు.

"బిగవట్టుడు నేర్పనీకి నాకు పదేండ్లు పట్టింది," అంటూ అంజవ్వ కళ్లు తుడుచుకుంది. "మళ్ల పెట్టు నర్సమ్మా. మేం ఏడికీ పోము."