మాస్టారు మాట్లాడరు

పొద్దున్నే కోడలు బల్ల మీద రొట్టె ముక్కలు సర్ది, "ఇక మొదలు" అంది. అంటే అప్పట్నుంచి టిఫిను ముగిసేదాకా ఇంట్లో పరభాషే. భాషా కేంద్రంలో ఆమె నేర్పేదీ అలాగే: సొంత భాష గుమ్మం బయట, పుస్తకం సంచిలో, ముందు నోరు తెరవాలి. కూతురి కోసం ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టింది.

మామగారు బడిలో ఆ భాషకే మాస్టారుగా చేసి రిటైరయ్యారు. క్రియా రూపాలు వల్లెవేయించడం, పాఠాలు అనువాదం చేయించడం, ఎర్ర సిరాతో దిద్దడం ఆయన పద్ధతి. కోడలి నియమం వచ్చాక పళ్లెం పట్టుకుని గదిలోకి వెళ్లిపోతున్నారు. ఇవాళ చేతిలో పళ్లేనికి బదులు సంచి ఉంది.

"మా చెల్లెలింటికి పోతున్నాను. అక్కడ తిండికి పరీక్ష పాసవ్వక్కర్లేదు."

కోడలు తన నియమం మరిచి, కుర్చీ వెనక్కి జరిపి తెలుగులోనే అంది. "నా పాఠం మీకు ఆటలా కనిపిస్తే నాతోనే చెప్పండి మావయ్యగారూ. ఇలా అలిగి వెళ్లడమెందుకు?"

"వ్యాకరణం లేని భాషేమిటమ్మా? పునాది లేని మేడ."

"మేడ సంగతి తర్వాత. మాతో ఒక్క మాటైనా కలపరేం?"

"తాతయ్యకి రాదేమో అమ్మా," అంది మనవరాలు రొట్టె నములుతూ.

"నోర్ముయ్. తాతయ్య ఆ భాషకే మాస్టారు."

మాస్టారు సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. ఆయన పరువును ఇన్నాళ్లూ కొంగున ముడేసుకుని కాపాడింది బల్ల దగ్గరే కూర్చున్న అత్తగారే. మనిషే గుమ్మం దాటిపోతుంటే ఆ పరువును ఏ అటక మీద దాచుకోవాలో ఆవిడకు తోచలేదు.

"ఆయనకి మాట్లాడ్డం రాదే అమ్మాయ్. రాయమను, తెల్లారేసరికి గ్రంథం రాసిస్తారు. ఆ భాష మాట్లాడే దేశపాయన ఎవరో బడి చూడ్డానికొస్తే, జ్వరమని ఇంటికొచ్చి ముసుగుతన్నారు. నేను నుదుటి మీద తడిగుడ్డ కూడా వేశాను, చూసేవాళ్లు నమ్మాలిగా."

"చెప్పేశావూ," అంటూ మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "నోరు తెరిస్తే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని భయం. దిద్దేవాడే తప్పు మాట్లాడితే ఎలాగమ్మా?"

ఇన్నాళ్లూ ఆయన మాట కలపకపోవడాన్ని పొగరనుకుంది కోడలు. టీ కెటిలు తెచ్చి ఆయన పక్కన కూర్చుంది. దాన్ని చూపించి ఆ భాషలో పేరు చెప్పి ఊరుకుంది. కొత్తగా చేరినవాళ్ల దగ్గర ఆమె చేసేది అదే. తొందరపెట్టదు, మాట అందించదు, ఆగుతుంది.

మాస్టారు చాలాసేపు లోలోపల కూడబలుక్కుని, చివరికి టీ పొయ్యమని ఆ భాషలో అన్నారు. అంటూనే ముఖం ముడుచుకుపోయింది. తప్పెక్కడో ఆయనకే తెలిసిపోయింది. కోడలు టీ పోసింది.

"తప్పుగా అన్నాను కదమ్మా. దిద్దవేం?"

"టీ వచ్చింది కదా మావయ్యగారూ."

ఆయన కళ్లజోడు తీసి, శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్లీ తుడుచుకున్నారు. అత్తగారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఖాళీ కప్పు ముందుకు జరిపి, మాస్టారు మళ్లీ అదే వాక్యం అన్నారు, తప్పుతో సహా. పెళ్లయిననాటి నుంచీ ఆయన రెండో కప్పు అడగడం అత్తగారు చూడలేదు.