రెండు పిలుపుల క్వార్టరు

మా రైల్వే కాలనీలో 'నలభై ఏడు ఏ' అన్నామంటే చాలు, ఇప్పటికీ పిల్లలు మారాం మానీసి అన్నం తినీస్తారు.

ఆ వరసలో క్వార్టర్లన్నీ ఖాళీయే. కండెమ్డ్, అంటే ఇంక పనికిరావని, గోడల మీద ఎర్ర రంగుతో రాసీసేరు. కొన్నిటికి తలుపుల్లేవు, కొన్నిటికి పైకప్పు లేదు. కాని జనానికి భయం మాత్రం ఆ ఒక్కదానికే. రాత్రి ఒంటిగంట దాటేక దాని ముందు నుంచి వెళ్తే... పేరు పెట్టి పిలుస్తుందిట. ఒకసారి. కాస్త ఆగి, ఇంకోసారి. అంతే — మూడోసారి ఉండదు.

మన వైపు రివాజు తెలుసు కదా. రాత్రిపూట ఎవరు పిలిచినా మొదటి పిలుపుకి పలక్కూడదు, రెండో పిలుపుకీ పలక్కూడదు. మూడోసారి పిలిస్తేనే అది మనిషి. అందుకని నైట్ డ్యూటీ దిగిన మగాళ్ళు కూడా ఆ దారి మానీసి, ఆసుపత్రి రోడ్డు చుట్టూ తిరిగి ఇళ్ళకొస్తారు. ఆటోవాళ్ళైతే "ఉధర్ నహీ జాయేంగే", అటు రామని ముందే చెప్పీస్తారు.

నా మట్టుకు నేను నమ్మలేదు. దెయ్యాల్నే కాదు, నేను మనుషుల్నీ నమ్మను. పాలవాడు పాలు పోస్తే వేలు ముంచి చూస్తాను. మా ఆయన ఆఫీసులో ఆలస్యమైందంటే టిఫిన్ డబ్బా మూత తీసి వాసన చూస్తాను. ఉషారాణి కంట్లో పడితే కడుపులో చెయ్యి పెట్టి దేవీస్తుంది అని నా వెనకాల అనుకుంటారు. అనుకోనీ, నాకేటి?

ఆ క్వార్టరు కథ మా అత్తగారు చెప్పగా విన్నాను. నలభై ఏళ్ళ కిందట అందులో నాగభూషణం గారని గూడ్సు గార్డు ఉండేవాడు. అప్పట్లో ఇళ్ళల్లో ఫోన్లెక్కడివి? రాత్రి బండికి డ్యూటీ పడితే, కాల్‌మేన్ వచ్చి గుమ్మం ముందు నిలబడి కేకేసేవాడు. లోపల్నుంచి 'లేచేను' అని జవాబొస్తే పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. రెండు పిలుపులు, అంతకంటే వాడికి టైము ఉండదు. పలక్కపోతే పట్టాలు దాటి, అవతలి వైపున్న ఇంకో గార్డుని లేపుకోవాలి.

ఆ కాల్‌మేన్ పేరు సూర్యం. ఒక వాన రాత్రి నలభై ఏడు ఏ ముందు నిలబడి రెండుసార్లు పిలిచేడు. జవాబు లేదు. ఇంకో గార్డు కోసం గబగబా పట్టాలు దాటుతూ, వెనక్కొస్తున్న షంటింగ్ ఇంజను చూసుకోలేదు...

పొద్దున్న అడిగినవాళ్ళందరికీ నాగభూషణం గారు ఒకటే చెప్పేడుట — నిద్రలో ఉన్నాను, వినబడలేదు అని. ఆయన భార్య చిన్నమ్మి పాలకొండ దగ్గర పల్లె నుంచి అప్పుడే కాపురానికొచ్చిన పిల్ల. ఆ పిల్ల అసలు నోరే విప్పలేదుట. ఆరు నెలల్లో వాళ్ళు క్వార్టరు మార్పించుకుని పోయేరు. అప్పట్నుంచీ ఆ ఇల్లు పిలుస్తోందని చెప్పుకుంటారు.

నేను అప్పుడే మా అత్తగారిని అడిగేను. సూర్యం గొంతుకి మూడో లైనులో కుక్కలు కూడా లేచేవన్నారు కదా, గోడకి ఇవతల పడుకున్న మనిషికి వినబడలేదా అని. ఆవిడ 'నీకెందుకే' అంది. నాకెందుకో అప్పట్నుంచీ ఆ నాగభూషణం గారి మీద అనుమానమే.

అలాంటిది, మొన్న మా తెలుగు సంఘానికి అరవై ఏళ్ళు నిండేయి. శని, ఆదివారాలు వజ్రోత్సవం పెట్టుకున్నాం. హాలు ముందు పందిరి, వెనక గాడిపొయ్యిలు, శనివారం నాటకం, ఆదివారం పాతకాపులకి శాలువాలు. అతిథుల బస చూడ్డం నా వంతు. శాలువాల జాబితాలో నాగభూషణం గారి పేరుంది. రిటైరయ్యేక బిల్హాలో కూతురు ఊర్మిళ దగ్గర ఉంటున్నాడు. లోకల్ ఎక్కితే ఎంతో సేపు పట్టదు. అయినా రిటైరైన ఈ పదహారేళ్ళలో ఒక్కసారీ కాలనీలో అడుగుపెట్టలేదు.

ఫోన్ చేస్తే వస్తానన్నాడు గాని ఒక షరతు పెట్టేడు. శనివారం రాత్రి నలభై ఏడు ఏలో పడుకోనిస్తేనేట!

సోమవారం నుంచి ఆ వరసంతా కూలగొడతారు. మా సంఘం వంటపాత్రలు పెట్టుకోడానికి ఆ రెండు రోజులకీ తాళాలు అడిగి తీసుకుంది. లాడ్జిలో రూము ఉంది మావయ్య గారూ, అక్కడ కరెంటు కూడా లేదు అని ఎంత చెప్పినా వినడే. చివరికి ఊర్మిళ ఫోన్ లాక్కుని నాతో మెల్లగా అంది.

"అక్కా, కాదనకు. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్న రాత్రుళ్ళు పడుకోడం లేదు. ఒంటిగంటకి లేచి గుమ్మంలో కూర్చుంటాడు. గుండె నీరసంగా ఉంది, ఇలాగైతే నెల తిరగదన్నాడు డాక్టరు. ఆ ఒక్క రాత్రి అక్కడుంటే పడుకుంటానంటున్నాడు."

సరే అన్నాను. కాని ఆ మాటలు నాకు గొంతు దిగలేదు. నిద్ర పట్టనివాడు దెయ్యాల కొంపలో పడుకుంటే నిద్ర పడుతుందిటా?

శనివారం సాయంత్రం లోకల్లో దిగేరు. మనిషి చిక్కి సగమైపోయేడు, చూపు కూడా ఆనడం లేదు. సంచీ నేను మోస్తానని అందుకుని, దారిలో కాస్త తెరిచి చూసేను. తప్పే, ఏం చేస్తాం, పుట్టుకతో వచ్చిన బుద్ధి. లోపల ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫారం ఉంది. రిటైరైన మనిషికి యూనిఫారం ఎందుకేటి?

ఇంకో రెండు గంటల్లో ఇంకోటి కంటబడింది. పందిరి వెనక, పులిహోర కలుపుతున్న చోట, ఊర్మిళ మా బంగార్రాజుతో గుసగుసలాడుతోంది. బంగార్రాజు లోకో షెడ్డులో ఫిట్టరు. మా నాటకాల్లో రాజు వేషాలన్నీ వాడివే, మైకు లేకపోయినా వినిపించే గొంతు. నన్ను చూడగానే ఇద్దరూ చెరో వైపు తిరిగేరు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వాడు అడక్కుండానే, "ఏటీ లేదు వొదినా, మంచినీళ్ళ కేన్లు..." అన్నాడు.

అచ్ఛా, కేన్లా! నా బుర్రలో పురుగు తొలిచింది. ముసలాయన గుండె మంచిది కాదు. బిల్హాలో ఇల్లు ఆయన పేరునే ఉంది. అర్ధరాత్రి ఎవరో వచ్చి చీకట్లో 'బూ' అంటే చాలు... అక్కడితో సరి. ఊర్మిళ అలాంటిదా అంటే, ఎలాంటిదో నాకేం తెలుసు? నా పూచీ మీద వచ్చిన అతిథి, నేను తాళం తీసిచ్చిన కొంప. ఆ మనిషికేమైనా అయితే ఆ పాపం నాదే.

నాటకం పన్నెండుకి అయింది. బంగార్రాజు మీసాలు తీసీసి, ముఖం కడుక్కుని, నిద్రొస్తోందని చెప్పి వెళ్ళిపోయేడు. వెళ్ళింది మాత్రం వాళ్ళింటి వైపు కాదు.

నేను టార్చి తీసుకుని, వెలిగించకుండా, గోడల వెంబడే నడిచేను.

నలభై ఏడు ఏకి పక్కన కూలిపోయిన స్నానాల గది ఉంది. దాని వెనక నక్కేను. కిటికీలోంచి కొవ్వొత్తి వెలుగు కనబడుతోంది. ముసలాయన మంచం మీద నిటారుగా కూర్చున్నాడు — యూనిఫారం తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని. కూతురు కింద గోడకి జారబడి ఉంది.

ఒంటిగంటయింది. యార్డులో గూడ్సు ఒకటి కదిలి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు పోయేక ఇంక చప్పుడన్నదే లేదు. కుక్కలు కూడా... నేను దెయ్యాల్ని నమ్మనని చెప్పేను కదా. అయినా అరచేతులు చెమట పట్టేయి.

అప్పుడు పిలిచింది.

"నాగభూషణం గార్డు గారో... డ్యూటీ!"

నా గుండె ఝల్లుమంది. ఆ గొంతు నాకు రెండు బారల దూరంలోనే ఉంది. తర్వాత కళ్ళు చీకటికి అలవాటుపడి, గోడ చివర వంగి నిలబడ్డ మనిషి కనబడ్డాడు. చొక్కా, లుంగీ, కాళ్ళకి హవాయి చెప్పులు. దెయ్యానికి హవాయి చెప్పులేటి?

వెనక నుంచి వెళ్ళి కాలరు పట్టుకున్నాను. బంగార్రాజే!

"చంపీకు వొదినా, నేనే," అన్నాడు.

ఇద్దరం గోడ వెనక కూలబడ్డాం. ముసలాయన్ని చంపుదామనుకున్నారా అని చెవిలో నిలదీసేను. వాడు నెత్తి కొట్టుకున్నాడు. వాడు గుసగుసగా చెప్పింది ఇదీ — వాడు చిన్నప్పుడు సూర్యం ఇంటి పక్కనే పెరిగేడు, ఆ పిలుపు అచ్చం అలాగే దింపుతాడు. చిన్నమ్మి పోయే ముందు కూతురితో ఒక మాట చెప్పిందిట. ఆ రాత్రి ఇద్దరూ మెలకువగానే ఉన్నారని. ఆయన లేవబోతే తనే చెయ్యి పట్టుకుని ఆపిందని. రెండు పిలుపులయ్యేయి కదా, మూడోది రానీ, మనిషో కాదో తేలిపోతుంది, అప్పుడు పలుకు అందిట. మూడో పిలుపు రానేలేదు.

"నాన్న ఒక్కసారి జవాబు చెప్పీసుకుంటే పడుకుంటాడు అని ఊర్మిళ నా చేతులు పట్టుకుంది వొదినా. ఎలా కాదంటాను?"

నలభై ఏళ్ళు! పల్లె నుంచి వచ్చిన పిల్లకి కాల్‌మేన్ సంగతేం తెలుసు? రెండు పిలుపులే అతని లెక్క, మూడు పిలుపులే ఆమె లెక్క. మధ్యలో ఒక ప్రాణం పోయింది. ఆయన పెళ్ళాన్ని నలుగురి నోళ్ళలో పడనివ్వక, తానే నిద్రపోయేనని అబద్ధమాడి, ఆ అబద్ధంతోనే నిద్ర పోగొట్టుకున్నాడు. అలాంటి మనిషిని నేనేమేమి అనుకున్నానో తలుచుకుంటే సిగ్గేసింది.

లోపల్నుంచి మాత్రం జవాబు లేదు. మా వాడి పిలుపుకి ముసలాయన కదలనైనా లేదు. తల మాత్రం పక్కకి వంచి వింటున్నాడు, ఇంకా ఏదో రావాలన్నట్టు. బంగార్రాజు మళ్ళీ లేవబోయేడు. వద్దు, ఆ గుండె తట్టుకోలేదు, ఇంక చాలు అని నేను వాణ్ణి గట్టిగా ఒడిసి పట్టుకున్నాను.

అప్పుడు వినబడింది రెండో పిలుపు.

"నాగభూషణం గార్డు గారో... డ్యూటీ..."

ముసలాయన మంచం దిగేడు. తడుముకుంటూ కాదు, కుర్రాడిలా దిగేడు. తలుపు తీసుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మేమున్న వైపు చూళ్ళేదు. ఎదురుగా, గేటు దగ్గర, ఖాళీ రోడ్డు వైపు చూసేడు.

"లేచేను సూర్యం," అన్నాడు.

యూనిఫారం కాలరు సర్దుకున్నాడు.

"అప్పుడూ లేచే ఉన్నాను. రెండుసార్లూ విన్నాను. చిన్నమ్మి తప్పు కాదు, అది పసిది. నేను రైల్వే వాణ్ణి, నాకు తెలుసు నువ్వు మూడోసారి పిలవవని. తెలిసీ పడుకున్నాను. వాన కదా అని..."

గోడ వెనక నా కళ్ళంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. ఊర్మిళ వచ్చి ఆయన భుజం పట్టుకుంది. ఆయన గేటు వైపు తలూపేడు, ఎవరో వెళ్తుంటే సాగనంపినట్టు. లోపలికెళ్ళి పడుకున్నాడు. యూనిఫారం కూడా విప్పకుండానే గురక మొదలైంది. వినీసి మేమిద్దరం గేటు వైపు చూడకుండా ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళిపోయేం.

ఆదివారం ఆయన పదకొండింటికీ లేవలేదు, గురక పెడుతూనే ఉన్నాడు. సభలో పేరు పిలిస్తే ఊర్మిళ వెళ్ళి శాలువా పుచ్చుకుంది. భోజనాల దగ్గరకి వచ్చినప్పుడు చూసేను, ఆ పిల్ల ముఖం కడిగిన అద్దంలా ఉంది. బంగార్రాజు విస్తరి ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది.

"అన్నా, మొదటిసారి నువ్వని నాకే తెలిసిపోయింది, నాన్న కూడా పోల్చీసినట్టున్నాడు. రెండోసారి పిలిచేవు చూడు... అచ్చం సూర్యం మావయ్యే అన్నాడు నాన్న, ఇందాక లేచి. నీ రుణం తీర్చుకోలేను."

బంగార్రాజు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నా వైపు చూసేడు. వాడి పెదాలు తెల్లబడ్డాయి.

జన్మలో మొదటిసారి నేను తెలిసి తెలిసి అబద్ధం చెప్పేను.

"అవునమ్మా, వాడి గొంతంటే ఏటనుకున్నావు," అన్నాను.

ఊర్మిళ నవ్వుకుంటూ వెళ్ళింది. ఆ పిల్లకి చెప్పలేనిది మీకు చెప్తున్నాను. ఆ రాత్రి గోడ వెనక నేను వాణ్ణి ఒడిసి పట్టుకున్నానన్నాను చూడండి... రెండో పిలుపు వచ్చినప్పుడు నా అరచెయ్యి బంగార్రాజు నోటి మీద ఉంది.